గోడ మీద అప్పీలు

మార్చి 6

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు బాగున్నావా, మరదలు బాగుందా అని అడిగే ఓపిక ఇవాళ నాకు లేదు. మీరు బాగుండండి. నేను బాగాలేను. నిన్న పదకొండింటికి తీర్పు చదివారు. నేను ఓడిపోయాను. అద్దాలాయన గెలిచాడు.

నీకు తెలిసిన కథే. అయినా కోపం వచ్చినప్పుడు మొదటినుంచీ చెప్పుకుంటే తప్ప నాకు ఊపిరాడదు. నా బైండింగు గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. ఆ వెలుతురులో నలభై ఏళ్ళుగా పుస్తకాలు కుడుతున్నాను. పక్కన కళ్ళద్దాల కొట్టు నడుపుకుంటున్న ఆ పెద్దమనిషి మూడేళ్ళ కిందట నా కిటికీకి మూరెడు దూరంలో నిలువెత్తు గోడ లేపాడు. అప్పట్నుంచీ నా పని తడుముకోవడమే. పోయిన ఏడాది లైబ్రరీ వాళ్ళు నాలుగు పుస్తకాలు తిప్పి పంపారు, కుట్టు వంకరపోయిందని. నా చేతిపని గుమ్మం దాటాక వెనక్కి రావడం అదే మొదలు. ఇంకోసారి వస్తే లైబ్రరీ పని పోయినట్టే. అది పోతే నాకు మిగిలేది కత్తెరా, జిగురు గిన్నే. అందుకే గోడ తీసెయ్యాలని దావా వేశాను.

జడ్జిగారు రెండు కారణాలు రాసి దావా కొట్టేశారు. ఒకటి, కిటికీకి ఇరవై ఏళ్ళు నిండితేనే వెలుతురు మీద హక్కట, అంత పాతదని నేను రుజువు చెయ్యలేదట. రెండోది విను: నా పని చెడింది గోడ వల్ల కాదట, చూపు మందగించడం వల్లనట! ఆ మాట చెప్పిందెవరు? అద్దాలాయనే, బోనెక్కి. "ఆవిడ నడక చూస్తే చాలండీ, పాతికేళ్ళ అనుభవం నాది" అన్నాడు. హాల్లో ఇద్దరు నవ్వారు. ఆ ఇద్దరి మొహాలూ గుర్తుపెట్టుకున్నాను.

అప్పీలు చేస్తాను. వాడిచేత మూడు చెరువుల నీళ్ళు తాగించకపోతే నేను మన అమ్మ కూతుర్నే కాను. పై కోర్టు మీ ఊళ్ళోనే ఉంది, ముప్పై ఏళ్ళు అందులో నకళ్ళ గుమాస్తాగా అరిగినవాడివి నువ్వు. వాణ్ణి మళ్ళీ బోనెక్కించాలి. ఈసారి ప్రశ్నలు నేనే అడగాలి. ఏం చెయ్యాలో వెంటనే రాయి.

పళ్ళు నూరుతూ,
అక్క


మార్చి 10

అక్కయ్యకు నమస్కారాలు.

మేము కులాసా. నువ్వు అడగలేదు కానీ చెబుతున్నాను.

ఈ జాబు చదవడం ఇక్కడే ఆపి, చెప్పులేసుకుని కోర్టుకు వెళ్ళు. తీర్పు నకలు కోసం దరఖాస్తు పెట్టి వచ్చి మిగతాది చదువు.

పెట్టావా? సరే. అప్పీలుకు గడువు తీర్పు రోజు నుంచి ముప్పై రోజులు. నకలు తయారు చెయ్యడానికి కోర్టు తీసుకున్న రోజులు అందులోంచి తీసేస్తారు. నువ్వు దరఖాస్తు పెట్టకుండా ఇంట్లో కూర్చుని పళ్ళు నూరిన రోజులు మాత్రం తియ్యరు. గడువు దాటితే ఎందుకు దాటిందో రోజురోజుకీ సంజాయిషీ ఇచ్చుకోవాలి. నా బల్ల ముందు నిలబడి ఒక్కరోజు తేడాతో ఏడ్చినవాళ్ళను చాలామందిని చూశాను.

ఇప్పుడు నీకు నచ్చని మాట. అప్పీలులో బోను ఉండదు. అద్దాలాయన ఎక్కడు, నువ్వూ ఎక్కవు. కింద ఎవరేం చెప్పారో, ఏ కాగితాలు దాఖలయ్యాయో ఆ ఫైలు పైకి వస్తుంది. పై జడ్జిగారు అది చదివి, కింది జడ్జిగారు ఎక్కడ పొరబడ్డారో చూస్తారు. వంట మళ్ళీ మొదట్నుంచీ చెయ్యరు. వండినదాన్ని రుచి చూసి ఉప్పెక్కడ తప్పిందో చెబుతారు. కొత్త సాక్ష్యం తెస్తామంటే మామూలుగా ఒప్పుకోరు. చివరికి ఆ తీర్పునే నిలబెట్టొచ్చు, మార్చొచ్చు, మళ్ళీ విచారించండని కిందికి పంపొచ్చు.

ఇంకొకటి. అప్పీలు వేసినంత మాత్రాన అద్దాలాయన చెయ్యి ఆగదు. ఆ గోడ మీద మేడ వేస్తాడని ఇదివరకు నువ్వే అన్నావు. అప్పీలు తేలేదాకా పైకి కట్టకుండా ఉత్తర్వు కావాలని విడిగా అర్జీ పెట్టాలి. మా వీధిలో ఒక వకీలమ్మ ఉంది. మాట తక్కువ, చదువు ఎక్కువ. ఆవిడకు అప్పజెబుదాం.

గెలిచినవాడు ఇంట్లో ఏడిస్తే ఓడినవాడు కోర్టులో ఏడ్చాడని ఊరికే అనలేదు పెద్దలు. ఆలోచించుకో.

చివరగా, కోప్పడకు. నీ ఉత్తరంలో మూడు చోట్ల వరస మీద వరస ఎక్కింది. ఎందుకైనా మంచిది, ఒకసారి కళ్ళు చూపించుకోకూడదూ?

నీ తమ్ముడు


మార్చి 15

తమ్ముడూ,

దరఖాస్తు మార్చి ఆరునే పెట్టాను. నువ్వు చెప్పేదాకా ఆగేంత అమాయకురాలిని కాను.

నీ ఆఖరి ముక్క చదివి జిగురు గిన్నె విసిరికొట్టాను. గోడకే తగిలిందిలే. పోయినసారి నువ్విక్కడికి వచ్చినప్పుడు నీ కళ్ళజోడు కాడ విరిగితే సరిచేసిందెవరు? అద్దాలాయనే. గంటసేపు వాడి కొట్టులో కూర్చుని కబుర్లు చెప్పి వచ్చావు. వాడు బోనులో అన్న మాటే ఇవాళ నువ్వు కాగితం మీద పెట్టావు. నా వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయంటే ఆ ఉత్తరం నేను ఆ చీకటి గదిలో కూర్చుని రాశాను కనక. అది గోడ పాపం.

కాగితాలన్నీ పంపిస్తున్నాను. దావా, జవాబు, సాక్షుల వాంగ్మూలాలు, వాడు దాఖలు చేసిన చెత్త, తీర్పు నకలు. విడివిడిగా పంపితే నా పరువేం కాను? ఎర్రదారంతో నేనే కుట్టి, అట్ట వేశాను. పై కోర్టులో ఎవరైనా ఆ కట్టను చేత్తో పట్టుకుంటే ఇది ఎవరి పనో తెలియాలి.

అప్పీలు కారణాలు పదకొండు రాశాను. అందులో ఆరోది బాగా రాయించు: వాడు నన్ను చూసినప్పుడల్లా జేబులోంచి గుడ్డ తీసి కళ్ళజోడు తుడుచుకుంటాడు. అది నన్ను వెక్కిరించడానికే.

బోను లేదన్నావు. పోనీ, వాడు ఎక్కడ నిలబడతాడు? ఎక్కడో ఒకచోట తల వంచుకుని నిలబడాలి కదా. అది నేను చూడాలి.

అక్క


ఏప్రిల్ 2

అక్కయ్యకు,

అప్పీలు గడువులో పడింది. మేడ కట్టకుండా తాత్కాలిక ఉత్తర్వు కూడా వచ్చింది. అద్దాలాయనకు నోటీసు ఈపాటికి అంది ఉంటుంది.

నీ పదకొండు కారణాల్లో వకీలమ్మ రెండు ఉంచింది. "తీర్పులో తప్పు కావాలి, మనిషిలో తప్పు కాదు" అంది. ఆరోది చదివి నవ్వింది, కొట్టేసింది.

ఇప్పుడు అసలు కబురు. కుర్చీలో కూర్చుని చదువు. నువ్వు గొడవల మనిషివని చూపించడానికి అద్దాలాయన ఒక పాత జాబు నకలు కోర్టులో పెట్టాడు గుర్తుందా? ఇరవై ఆరేళ్ళ కిందట, కొట్టు పెట్టిన కొత్తలో నీకు రాసింది. "మీ కిటికీలోంచి కాగితం ముక్కలూ జిగురు వాసనా నా కొట్టులోకి వస్తున్నాయి. దయచేసి మూసి ఉంచగలరు." అక్కా, కిటికీ పాతదని ఇంతకన్నా ఎవరు చెప్పాలి? తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు. మీ లాయరు చూడలేదు, జడ్జిగారు పట్టించుకోలేదు. కొత్త సాక్ష్యం అక్కర్లేదు, అది ఫైల్లోనే ఉంది.

ఒక చిన్న ఇబ్బంది జరిగింది. నువ్వు కుట్టిన కట్టను రిజిస్ట్రీ వాళ్ళు తిప్పి ఇచ్చారు. పదిహేడో పేజీ తలకిందులుగా ఉంది, ముప్పై ఒకటీ ముప్పై రెండూ తారుమారయ్యాయి. వారం గడువిచ్చి సరిచేసుకోమన్నారు. నేనే నీ కుట్టు విప్పి, మళ్ళీ వరసగా కుట్టి ఇచ్చాను. నా కుట్టు చూస్తే నువ్వు కళ్ళు మూసుకుంటావు. ఏం చెయ్యను.

నీ మరదలు అడిగినట్టు చెప్పమంది.

తమ్ముడు


ఏప్రిల్ 9

నా కుట్టు విప్పావా?

నలభై ఏళ్ళలో నా కుట్టు ఎలుకలు విప్పాయి, చెద విప్పింది, మనిషి విప్పింది ఇదే. అదీ నా సొంత తమ్ముడు! పేజీ తలకిందులైందంటే ఆ గోడ వల్లే. ఇదే మూడో కారణంగా రాయించు. కోర్టు కాగితమే చెడగొట్టిన గోడ అని రాయించు.

ఆ పాత జాబు సంగతికి మాత్రం రాత్రంతా నవ్వుకున్నాను. నవ్విన నాపచేనే పండుతుందిరా.

ఇప్పుడు నువ్వు సమాధానం చెప్పాల్సిన విషయం. నిన్న అద్దాలాయన నా గుమ్మం దగ్గరికి వచ్చాడు. నోటీసు అందినట్టుంది, మొహం వాడిపోయింది. అప్పీలు వెనక్కి తీసుకుంటే గోడ నాలుగు వరసలు తగ్గిస్తానన్నాడు. "నాలుగు కాదు, పునాది కూడా మిగలదు" అన్నాను. వెళ్ళబోతూ ఆగి, "ఎందుకైనా మంచిది, ఒకసారి కళ్ళు చూపించుకోండమ్మా. నేనే చూస్తాను" అన్నాడు. ఎందుకైనా మంచిది! నీ ఉత్తరంలో ఉన్న మాటలే, అక్షరం పొల్లుపోకుండా. నువ్వు వాడికి రాశావు. నిజం చెప్పు, రాశావా లేదా?

కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నా కళ్ళ మీద మీ ఇద్దరికీ ఇంత ప్రేమేమిటి?

సంతకం పెట్టాలని లేదు


ఏప్రిల్ 20

అక్కయ్యకు,

పది రోజులు ఆగి రాస్తున్నాను. వెంటనే రాసి ఉంటే నేనూ నీలాగే రాసేవాణ్ణి.

నేను ఆయనకు రాయలేదు. కళ్ళజోడు కాడ సరిచేయించుకున్న రోజున కూడా నీ మాట ఎత్తలేదు. ఇద్దరు మనుషులు ఒకే మాట అన్నారంటే కుట్ర పన్నారనే అనుకోవాలా? ఇద్దరికీ ఒకటే కనపడి ఉండకూడదా? అమ్మ పోయాక నాకు చీవాట్లు పెట్టే మనిషివి నువ్వొక్కతివే. ఆ చీవాట్లు కావాలి నాకు. అబద్ధాలకోరునన్న మాట వద్దు.

మూడో కారణం రాయించలేదు. పేజీ తలకిందులైన సంగతి అప్పీలులోకి రాదు, రాకూడదు. దయచేసి ఎవరితోనూ అనకు. వకీలమ్మ నాతో చెప్పిన మాట నీకు అలాగే చెబుతున్నాను. మన రెండో కారణం నీ చూపు బాగుందని కాదు. బాగోలేదని అద్దాలాయన రుజువు చెయ్యలేదని. నిన్ను ఆయన ఎప్పుడూ పరీక్షించలేదు, వేరే డాక్టరుచేత చెప్పించలేదు. దావాలో ఎదుటిపక్షం మనిషి నడక చూసి చెప్పిన మాట రుజువు కాదు. అంతే మన వాదన. ఈ రెంటికీ తేడా ఉంది, అక్కా. పై కోర్టు ఫైల్లో ఏముందో చెబుతుంది. నీ కంట్లో ఏముందో చెప్పదు.

విచారణకు నెలలు పడుతుంది. ఈలోగా పట్టపగలు పెరట్లో కూర్చుని ఒక్క ఉత్తరం రాయి. అక్కడ గోడ లేదు.

తమ్ముడు


నవంబరు 12

అక్కా! గెలిచావు!

నిన్న తీర్పు. అప్పీలు ఒప్పుకున్నారు, కింది తీర్పు రద్దు. కిటికీ అడుగు అంచు దాకా గోడను రెండు నెలల్లో ఆయనే తీసెయ్యాలి.

ఏడు నెలలు నువ్వు ఉత్తరం రాయలేదు. నేను రాసినవాటికి ఇది జవాబనుకో.

వాదన జరిగింది ఇరవై నిమిషాలు. వకీలమ్మ లేచి ఆ జాబు ఉన్న పేజీ చెప్పింది, రెండు వాక్యాలు చదివింది, కూర్చుంది. జడ్జిగారు అవతలి లాయరును "ఇది మీ క్లయింటు రాసిందేనా?" అని అడిగారు. ఆయన కాగితాలు తిరగేశాడు, తిరగేశాడు, చివరికి "అవునండీ" అన్నాడు. అద్దాలాయన వెనక బెంచీలో ఉన్నాడు. ఎవరూ ఆయన్ను పేరు పెట్టి పిలవలేదు, ఏమీ అడగలేదు. గుడ్డ తీసి కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. వాదన అంతసేపూ తుడుస్తూనే ఉన్నాడు. నాకు అది వెక్కిరింతలా అనిపించలేదు, అలవాటులా ఉంది.

తీర్పు నకలు పంపుతున్నాను. విడి కాగితాలే. కుట్టే సాహసం చెయ్యలేదు.

తమ్ముడు


నవంబరు 20

నా బంగారు తమ్ముడూ,

నువ్వు మంచివాడివి, నేనే నోటిదురుసుదాన్ని. ఇది రాతలో పెట్టాను, దాచుకో. మళ్ళీ మళ్ళీ రాయను.

తీర్పును తోలు అట్ట వేసి కుట్టాను. వెన్నుమీద బంగారు గీతలు రెండు వేశాను. "ఆమె చూపులో లోపమున్నట్లు ఫైలులో ఎటువంటి రుజువూ లేదు" అన్న వాక్యం కంఠతా వచ్చేసింది. అది చెప్పుకుంటూ గది ఊడుస్తున్నాను, అది చెప్పుకుంటూ జిగురు కాస్తున్నాను. వాడు కొట్టు తెరిచే వేళకు గుమ్మంలో నిలబడి మరీ చెప్పుకుంటున్నాను, వాడికి వినపడేలా.

వాడి చేతులతో వాడి గోడే! కూలీలు దెబ్బ వేసినప్పుడల్లా నా కడుపు చల్లబడుతుంది. కుర్చీ వేసుకుని చూస్తాను.

గెలిచిన అక్క


జనవరి 18

తమ్ముడూ,

ఇది చదివి చించెయ్యి.

గోడ పోయిన వారమే పడింది. చివరి వరస తీసేసరికి ఎండ గదిలోకి వచ్చింది, నా చేతుల మీద వెచ్చగా పడింది. కూలీలు వెళ్ళాక తలుపేసుకుని కూర్చున్నాను. సూది తీశాను, దారం తీశాను.

ఎక్కలేదు. పది నిమిషాలు ప్రయత్నించాను. మర్నాడు కిటికీ పక్కనే నిలబడి ప్రయత్నించాను. తర్వాత పెరట్లోకి వెళ్ళి, నువ్వు ఏప్రిల్లో రాసిన చోటే కూర్చుని ప్రయత్నించాను. వెలుతురుంది. వేడి తెలుస్తోంది. సూదికి మాత్రం కన్ను లేదు.

వాడికి ఇంకో అప్పీలు ఉంటుందా? ఎన్నాళ్ళు? ఈ సంగతి వాడికి తెలిస్తే కేసు తిరగబడుతుందా? వెంటనే రాయి. అప్పటిదాకా నేను ఏ అద్దమూ పెట్టుకోను, ఏ డాక్టరు గుమ్మమూ తొక్కను.

అక్క


జనవరి 22

అక్కయ్యకు,

చించలేదు. దాచాను. ఎవరికీ చూపించను.

రెండో అప్పీలు ఉంటుంది, తొంభై రోజులు. నకలు రోజులు కలుపుకుంటే ఆయనకు ఫిబ్రవరి పదిహేను దాకా ఉంది. కానీ అది చట్టం ప్రశ్న ఏదైనా మిగిలితేనే. కిటికీ పాతదా, నీ చూపు ఎలా ఉంది అన్న నిజానిజాలు అక్కడ మళ్ళీ తవ్వరు. నువ్వు రేపే కళ్ళజోడు పెట్టుకుని కోర్టు మెట్లెక్కినా కేసుకు ఏమీ కాదు. పైగా గోడ నీ కిటికీని మూసిందన్నది నిజమే కదా. నీ హక్కు నీ హక్కే. కళ్ళు వేరు.

ఆయన దగ్గరికే వెళ్ళక్కర్లేదు. బస్సెక్కి ఇక్కడికి రా, నేను తీసుకెళతాను. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనకు, అక్కా. ఒక్కసారికి నాలుగు లెక్కపెట్టు.

తమ్ముడు


ఫిబ్రవరి 17

తమ్ముడికి,

నీ మాట వినలేదు. పదిహేను దాటేదాకా ఆగాను. వాడు అప్పీలు వెయ్యలేదు. నిన్న పదహారు. పొద్దున్నే తీర్పు పుస్తకం చంకలో పెట్టుకుని వాడి కొట్టుకే వెళ్ళాను. బోనులో దొరకని వాణ్ణి కొట్టులో దొరకబుచ్చుకుందామని. నా కళ్ళకు అద్దాలు మారుస్తూ వాడు నిలబడాలి, నేను కూర్చోవాలి. ఇదే నేను కోరుకున్న శిక్ష.

కుర్చీలో కూర్చోబెట్టాడు. ఖాళీ చట్రం ఒకటి నా ముక్కు మీద పెట్టి, గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. "అవి కాదు, నా దగ్గరే ఉంది చదివేది" అని పుస్తకం తీశాను. రెండో కారణం పేజీ ఎక్కడో వేలికి తెలుసు. తెరిచి గొంతెత్తి చదివాను: "ఆమె చూపులో లోపమున్నట్లు ఫైలులో ఎటువంటి రుజువూ లేదు." గడగడా చదివాను. వాడి మొహం చూద్దామని తలెత్తాను. చట్రంలో ఒక అద్దం వేశాడు. ఇంకోటి వేశాడు. "ఇప్పుడు చూడండమ్మా" అన్నాడు.

చూశాను. పేజీ తలకిందులుగా ఉంది.

తోలు అట్ట, బంగారు గీతలు, నా ఎర్రదారం. మధ్యలో ఆ కాగితం తలకిందులుగా కుట్టి ఉంది. దాన్ని చూస్తూనే నేను గట్టిగా చదివాను.

వాడు నవ్వి ఉంటే బాగుండేది. ఇంకో అప్పీలుకు సరిపడా కోపం వచ్చేది. నవ్వలేదు. గుడ్డ తీసి తన కళ్ళజోడు తుడుచుకున్నాడు. అంత దగ్గర్నుంచి, ఆ అద్దాల్లోంచి మొదటిసారి చూశాను: వాడి కళ్ళజోడు మీద నిజంగానే దుమ్ముంది. నా గది కాగితం దుమ్ము. "నేను గెలిచాను" అన్నాను. "గెలిచారమ్మా" అన్నాడు. "గోడ తప్పు మీదే" అన్నాను. "నాదే" అన్నాడు. కళ్ళజోడు వారంలో ఇస్తాడట. అప్పటిదాకా ఆ చట్రమే పెట్టుకుని పొమ్మన్నాడు.

పెట్టుకునే ఇంటికొచ్చాను. లైబ్రరీ వాళ్ళు తిప్పి పంపిన నాలుగు పుస్తకాలూ దించి చూశాను. వాళ్ళు నయం, వంకర అని మాత్రమే రాశారు. విప్పుతున్నాను. మొదటిది అయింది, దారం మొదటిసారే ఎక్కింది.

నీకొక మాట చెప్పాలి. పోయిన మార్చిలో రాశాను కదా, కోర్టులో ఇద్దరు నవ్వారు, ఆ మొహాలు గుర్తుపెట్టుకున్నానని. అబద్ధం. నాకు మొహాలు కనపడలేదురా. నవ్వే వినపడింది.

అక్క